యజమాని వాటా లేని నెలలు

రోలింగు మిల్లులో అందరూ ఆమెను పైనక్క అనేవారు. నేలకు నలభై అడుగుల ఎత్తున, షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్రేను ఒకటుంది. దానికి వేలాడే గాజుగదిలో కూర్చుని, చల్లారీ చల్లారని ఇనుప దిమ్మెల్నీ, చుట్టలు చుట్టిన రేకుల్నీ ఒకచోట ఎత్తి మరోచోట దించడం ఆమె పని. ఎవరైనా ఆమె కోసం గేటు దగ్గరికి వస్తే కాపలావాళ్ళు "ఆవిడ పైకెళ్ళిపోయింది" అనేవారు. తెలియనివాళ్ళ మొహాలు పాలిపోయేవి. కాసేపు అలా ఉంచి, "మరీ అంత పైకి కాదులెండి, క్రేనెక్కింది" అని నింపాదిగా చెప్పేవారు. ఇరవై మూడేళ్ళుగా అరిగిపోకుండా నడిచిన హాస్యం అది.

కింద ఆమెకు జోడీ పెద్ద ఖలాసీ. బరువులకు గొలుసులు తగిలించి, ఎత్తమనీ ఆపమనీ దించమనీ చేతులతో సైగలు చేసే మనిషి. రోజుకు ఎనిమిది గంటలు వాళ్ళిద్దరూ మాట లేకుండానే మాట్లాడుకునేవారు. ఎప్పుడైనా టీ కొట్టు దగ్గర ఎదురుపడితే మాత్రం ఏం మాట్లాడుకోవాలో తోచేది కాదు. అతను "ఏమక్కా" అనేవాడు, ఆమె "ఏం తమ్ముడూ" అనేది, అక్కడితో అయిపోయేది.

ఆమె భర్త కూడా ఒకప్పుడు ఆ మిల్లులోనే కొలిమి దగ్గర చేసేవాడు. పెళ్ళయిన నాలుగో ఏట అతనికి ఊపిరి పట్టేయడం మొదలైంది. డాక్టరు ఛాతీ ఫొటోను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, ఈ పొగలో ఉంటే నువ్వుండవు, నువ్వుండాలంటే ఈ పొగలో ఉండకూడదు, అని తేల్చేశాడు. బస్సులో ఐదు గంటలు పోతే, కొండమీద ఒక చిన్న ఊరు ఉంది. అక్కడి నీళ్ళ సరఫరా వాళ్ళ పంపుహౌసులో అతనికి ఉద్యోగం దొరికింది. ఆ ఊళ్ళో క్రేను లేదు. ఆమెకు వచ్చిన పని అదొక్కటే. పిల్లలు కలగలేదు కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళూ, ఆపేవాళ్ళూ ఎవరూ లేరు. కొన్నాళ్ళే కదా అనుకుని ఆమె కింద ఉండిపోయింది. ఆ కొన్నాళ్ళు పంతొమ్మిదేళ్ళయ్యాయి.

వాళ్ళ ఆశంతా ఒక అంకె మీద నిలబడి ఉండేది. పూర్తి పింఛను రావాలంటే మూడు వందల నెలలు పింఛను నిధిలో రెండు వాటాలూ పడాలి. జీతంలోంచి కోసే కార్మికుల వాటా ఒకటి, దానికి జతగా యజమాని వేసే వాటా ఒకటి. రెండూ పడితేనే అది నెల. భర్తకు మిల్లులో పడినవీ, పంపుహౌసులో పడినవీ కలిపి ఆమెతో పాటే, ఒక నెల అటూ ఇటూగా మూడు వందలు నిండుతాయి. ఆ రోజు నుంచి ఇద్దరూ కొండమీద ఒకే ఇంట్లో ఉండాలి. అంతకుమించి వాళ్ళేమీ కోరుకోలేదు.

నెలకోసారి ఆమె రెండు రోజులు పైకి వెళ్ళొచ్చేది. అతను కిందికి వస్తే మూడో రోజుకల్లా ఆయాసంతో మంచమెక్కేవాడు, అందుకని ఎప్పుడూ ఆమే వెళ్ళాలి. ఒకసారి లోడు కోసం ఎదురుచూస్తూ గాజుగదిలో కూర్చుని, అతను కొండెక్కాక తామిద్దరూ కలిసి గడిపిన రోజులన్నీ వేళ్ళమీద కూడి చూసింది. ఏడాదిన్నర కూడా కాలేదు. ఎందుకు లెక్కపెట్టానా అనుకుంది. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

రెండు వందల డెబ్భై ఆరో నెలలో ఆమె పడిపోయింది. పని ముగించుకుని గాజుగదిలోంచి నిచ్చెన వైపు కాలు పెడుతుంటే, అడుగున ఉన్న చెక్క పలక నూనెతో జారింది. పట్టుకోబోయిన గడియ ఊడి చేతికొచ్చింది. ఎనిమిది అడుగుల కింద ఉన్న ఇనుప దూలం మీద కుడి భుజం ఆనించి పడింది కాబట్టి బతికింది, నేలమీద పడి ఉంటే కాపలావాళ్ళ హాస్యం నిజమయ్యేది. కింద నిలబడ్డ పెద్ద ఖలాసీ రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపాడు. అంతా ఆపేయమని సైగ. ఆపడానికి పైన ఎవరూ లేరని ఆ తర్వాత తట్టిందట అతనికి.

భుజంలో ఇనుప పలక వేశారు. నరాలు కుట్టారు. భర్త కిందికొచ్చి ఆస్పత్రి బల్లమీద పన్నెండు రోజులు కూర్చుని, పన్నెండో రోజు తనే ఆక్సిజన్ పెట్టించుకోవలసి వచ్చింది. అతన్ని బలవంతంగా పైకి పంపేశారు. అప్పటినుంచి నెలనెలా ఆమెకు బీమావాళ్ళ నష్టపరిహారం వచ్చేది. దానికో షరతు ఉంది. వారానికి మూడుసార్లు చేతికి చికిత్స చేయించుకోవాలి, వాళ్ళ డాక్టరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు కనపడాలి. తప్పితే పరిహారం ఆగిపోతుంది. పని లేకపోయినా ఊరు విడిచే వీల్లేకుండా ఆమె ఇరవై రెండు నెలలు అద్దెగదిలో ఉండిపోయింది. గోడమీద గీత గీసుకుని, చెయ్యి దానిదాకా లేపడం రోజూ సాధన చేసేది. చెయ్యి భుజం ఎత్తు వరకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎంత ఏడిపించినా అంగుళం పైకి జరగలేదు.

చివరికి డాక్టరు కాగితం రాసిచ్చాడు. నిచ్చెన ఎక్కకూడదు, నేలమీద కూర్చుని చేసే పనులు చెయ్యవచ్చు. కాగితం పట్టుకుని ఆమె తిన్నగా మిల్లు ఆఫీసుకు వెళ్ళింది. మనసులో ఒకటే లెక్క నడుస్తోంది. రెండు వందల డెబ్భై ఆరుకు ఇరవై రెండు కలిపితే రెండు వందల తొంభై ఎనిమిది. ఇంకా రెండే నెలలు. ఆ రెండు నెలలూ ఏ గేటు దగ్గరో కూర్చోబెట్టమని అడగాలి.

జీతాల గుమస్తా చెయ్యి ఎలా ఉందని అడిగాడు, కుర్చీ చూపించాడు. వయసు మళ్ళిన మనిషి, ముక్కుసూటి మనిషి, పట్టీలో ఒక్క కామా కూడా తప్పుపోనివ్వడని పేరు. రెండు నెలల్లో పదవీ విరమణకు కాగితాలు తయారు చేయమని ఆమె అడిగితే, ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు పట్టీలోకి చూశాడు.

"మీకింకా ఇరవై నాలుగు నెలలున్నాయమ్మా" అన్నాడు.

రెండుకు బదులు పొరపాటున అలా అన్నాడనుకుంది ఆమె. ఆయన పట్టీ ఆమె వైపు తిప్పాడు. రెండు వరసలు. ఆమె వాటా, యజమాని వాటా. పడిపోయిన నెల దాకా అంకెలున్నాయి. తర్వాత గళ్ళన్నీ ఖాళీ. ఇరవై రెండు గళ్ళు, ఒకదాని కింద ఒకటి.

"నష్టపరిహారం జీతం కాదమ్మా. అది బీమావాళ్ళిచ్చేది. జీతం లేకపోతే మీ వాటా కోయడానికుండదు. మీ వాటా లేకపోతే మిల్లు వాటా పడదు" అన్నాడాయన.

"ఆ నెలల్లో నేను మిల్లు మనిషినేనా, కాదా?"

"మనిషే. మీ పేరు తీసెయ్యలేదు."

"నేను పడింది మిల్లులోనేగా. మా ఇంటి మెట్లమీద జారలేదుగా."

ఇది న్యాయమని నేననడం లేదు, ఉన్నది చెబుతున్నాను, అన్నట్టు గుమస్తా చేతులు రెండూ బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె లేచి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికొస్తూ షెడ్డు తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగింది. లోపల క్రేను కదులుతోంది. గాజుగదిలో ఎవరిదో తల. ఆ ఖాళీ గళ్ళలో తను తిన్న తిండీ, పడ్డ నొప్పీ, గోడమీద గీతా ఏవీ లేవు. అసలు ఆ రెండేళ్ళు తను ఎక్కడా లేనట్టే ఉంది పట్టీ ప్రకారం.

రోజూ సాయంత్రం ఏడింటికి భర్తతో ఫోనులో మాట్లాడటం అలవాటు. ఆ రోజు ఆమె విషయం చెప్పలేకపోయింది. గొంతు వింటూ చెప్పే మాట కాదు, మొహం చూసి చెప్పాలి అనుకుని, శనివారం బస్సెక్కింది.

అతను మెడకు మఫ్లరు చుట్టుకుని బస్సు దగ్గర ఎదురుచూస్తున్నాడు. సంచి అందుకున్నాడు. ఇంటికి పోయేదాకా ఏదో దాచిపెట్టిన పిల్లాడిలా నడకలో తొందర కనిపించింది. తలుపు తీసి, ముందు నువ్వెళ్ళమన్నాడు.

వంటగదిలో అరలన్నీ కిందికి దిగిపోయి ఉన్నాయి. అతను గోడలకున్న పాత అరలు విప్పేసి, నడుము ఎత్తున కొత్తగా బిగించాడు. డబ్బాలు, గ్లాసులు, గరిటెలు తగిలించుకునే కొక్కేలు, దీపం మీట, బట్టలారేసే తీగ, అన్నీ ఆమె భుజం కన్నా కిందే. కిటికీ గడియ కూడా కింది చెక్కకు మార్చాడు. మేకులు కొట్టిన చోట్ల సున్నం అద్దాడు, అది ఇంకా ఆరలేదు.

"నీ చెయ్యి ఎక్కడిదాకా లేస్తుందన్నావో అక్కడికి కొలత పెట్టాను. సరిపోయిందా?" అని అడిగాడు.

ఆమె ఒక గ్లాసు తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. సరిపోయిందని తలూపింది. ఆ రోజంతా అతను కబుర్లు చెబుతూనే ఉన్నాడు. పంపుహౌసు వాళ్ళు తనకు వీడ్కోలు ఎప్పుడు పెడతారో, పొరుగింటి కుక్క తన గుమ్మంలో ఎలా కాపురం పెట్టిందో, రెండు నెలల తర్వాత మంచం ఏ గోడకు వెయ్యాలో. రెండు నెలలన్న మాట వినపడినప్పుడల్లా ఆమె అరల వైపు చూసింది.

మర్నాడు బస్సు బయల్దేరడానికి పది నిమిషాల ముందు చెప్పింది. పరిహారం వచ్చిన నెలలు లెక్కలోకి రావట, ఇంకా ఇరవై నాలుగున్నాయట అంది.

"ఇరవై నాలుగా" అన్నాడు అతను. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. మాట్లాడటానికో, ఊరకే ఊపిరికో ఆమెకు తెలియలేదు. ఆమె సంచి పట్టీ ఎడమ భుజం మీదికి సరిచేశాడు. "చేతికి చలి తగలనీకు" అన్నాడు.

బస్సు మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆ వారం ఆమెను మిల్లు పనిముట్ల గదిలో వేశారు. కిటికీలోంచి స్పానర్లూ గొలుసులూ ఇవ్వడం, తీసుకోవడం, సంతకం పెట్టించుకోవడం. పెద్ద ఖలాసీ కొత్త గొలుసు కోసం వచ్చి, ఎప్పటిలా "ఏమక్కా" అన్నాడు. ఆమె ఈసారి "ఏం తమ్ముడూ" అనలేదు. జరిగిందంతా చెప్పింది. అతను గొలుసు బల్లమీద పెట్టేసి విన్నాడు. తర్వాత అడిగాడు, పదకొండేళ్ళ కింద మనం వానలో పదిహేడు రోజులు గేటు ముందు కూర్చున్నాం గుర్తుందా అని. గుర్తుంది. జీతాల కోసం కూర్చున్నారు. జీతాల కోసమే కాదన్నాడతను. అప్పటికి తన అన్న కాలు పోయి మంచంలో ఉన్నాడు, గాయపడ్డవాళ్ళ పింఛను సంగతి కూడా ఒప్పందంలో పెట్టాలని తనే పట్టుబట్టాడు, ఏదో రాశారు కూడా. అన్న ఆ ఏడే చనిపోయాడు. దాంతో ఆ మాటే మర్చిపోయానన్నాడు.

యూనియన్ గదిలో తుప్పుపట్టిన బీరువా ఉంది. కార్యదర్శికి దాని తాళంచెవి వెతకడానికే రెండు రోజులు పట్టింది. పాత జెండాలూ, చెదలు పట్టిన రసీదు పుస్తకాలూ తీసేస్తే, అడుగున ఒప్పందం ప్రతి దొరికింది. ముప్పై ఒకటో పేజీలో ఉంది. గాయపడి పరిహారం పొందుతున్న కార్మికుల తరఫున, గాయానికి ముందున్న జీతం మీద, పన్నెండు నెలలకు మించకుండా యజమాని తన వాటా కడుతూ ఉండాలి. కార్యదర్శి రెండుసార్లు చదివాడు. తాను సంతకం పెట్టిన కాగితమే అయినా కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

మేనేజరు గదికి ముగ్గురూ వెళ్ళారు. ఒంటికాలి మీద లేస్తాడనుకున్నారు కానీ అతను లేవలేదు. గుమస్తాను పిలిపించి పేజీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదే అన్నాడు. మాకు తెలియలేదండీ అంది ఆమె. నిజానికి మాకూ తెలియదు అన్నాడతను, అది నిజమే అయి ఉంటుంది. వకీలును సంప్రదించాలన్నాడు. అందుకు ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో పెద్ద ఖలాసీ తీరిక దొరికినప్పుడల్లా మేనేజరు గది ముందు పోయి ఊరకే నిలబడేవాడు. ఏమిటని అడిగితే ఏమీ లేదనేవాడు.

ఒక మధ్యాహ్నం గుమస్తా స్వయంగా పనిముట్ల గదికి వచ్చి, ఒకసారి రండమ్మా అని పిలిచాడు. బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆమె కళ్ళముందే పన్నెండు గళ్ళు నింపాడు. ఆ నెలల తాలూకు ఆమె వాటా ఆమే కట్టుకునేలా కాగితం మీద సంతకం తీసుకున్నాడు. ఇదే పద్ధతిన ఇంకో ఇద్దరి పేర్లు బయటికి తీశానని చెప్పాడు. చేతివేళ్ళు పోయిన రోలరు పనివాడు ఒకడు, కన్ను పోయిన వెల్డరు ఒకడు.

"మిగతా పదీ?" అంది ఆమె.

"పన్నెండుకు మించకుండా అని రాసి ఉందమ్మా. దాన్ని నేను సాగదీయలేను."

ఇరవై నాలుగులో సగం తగ్గింది. ఆ సాయంత్రం ఫోనులో చెబితే భర్త నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వాడు. "సంవత్సరమేగా. పంతొమ్మిది మింగినవాళ్ళం, ఒకటి గొంతుకడ్డం పడుతుందా" అన్నాడు.

కానీ పడింది. మునుపటి పంతొమ్మిదేళ్ళూ ఎదురుచూపు వాళ్ళకు ఇంట్లో సామానులాగా ఉండేది, ఉందన్న సంగతే మర్చిపోయేవారు. ఈ ఒక్క ఏడు అలా కాలేదు. అతనికి పంపుహౌసు పని అయిపోయింది. ఉదయం లేస్తే చెయ్యడానికేమీ లేదు, అమర్చిన ఇల్లుంది, అందులో ఉండాల్సిన మనిషి లేదు. నెల రోజులు చూసి, అతనే ఒక ఉపాయం చెప్పాడు. సగం దారిలో బస్సులు మారే కూడలి ఊరొకటుంది. అక్కడ పొగ లేదు. ప్రతి ఆదివారం అతను రెండున్నర గంటలు దిగుతాడు, ఆమె రెండున్నర గంటలు ఎక్కుతుంది.

అలా మొదలైంది. బస్టాండులో ప్రయాణికులు వేచి ఉండే గదిలో, టిక్కెట్ల కిటికీకి ఎదురుగా ఉన్న బల్ల వాళ్ళది. ఆమె క్యారేజీలో అన్నం తెచ్చేది, అతను ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. నాలుగు గంటలు. మొదటి గంట మాటలు తన్నుకొచ్చేవి. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని వచ్చేపోయే జనాన్ని చూసేవారు. ఊడ్చే ఆవిడ వాళ్ళ కాళ్ళ కిందికి చీపురు తెచ్చేటప్పుడు ఆగి, "ఎక్కడికి పోవాలి మీరు?" అని అడిగేది. ఎక్కడికీ పోనక్కర్లేదని చెప్పేవారు. మూడో ఆదివారానికి ఆవిడ అడగడం మానేసి, బల్ల తుడిచి ఉంచడం మొదలుపెట్టింది. చివరి అరగంట మాత్రం ఇద్దరికీ కష్టంగా ఉండేది. అతను పదేపదే గడియారం చూసేవాడు, చూడొద్దని ఆమె చెప్పేది, చెప్పి తనే చూసేది.

పనిముట్ల గదిలో ఆమెకు ఇంకో దిగులుండేది, అది భర్తకు కూడా చెప్పలేదు. కిటికీలోంచి చూస్తే క్రేను కనపడదు. దాని నీడ మాత్రం నేలమీద జారుతూ పోయేది. కొత్త ఆపరేటరు ముప్పై ఏళ్ళ అమ్మాయి, మంచి మనిషే కానీ చెయ్యి ఇంకా కుదురుకోలేదు. లోడు ఊగినప్పుడు గొలుసు చేసే చప్పుడు వినపడితే, ఇక్కడ ఆమె కుడిచెయ్యి తనంతట తానే కదిలేది, లేని మీటను వెనక్కి లాగినట్టు. ఒకరోజు కొత్త ఆపరేటరే సిగ్గుపడుతూ వచ్చింది. "పిన్నీ, ఊపు ఎంత ఆపినా ఆగట్లేదు" అంది.

"ఆపాలని చూడకమ్మాయ్. అది ఎటు పోతే నువ్వటు పో. దాని నెత్తిమీదికి వెళ్ళి నిలబడు. అదే ఊరుకుంటుంది."

ఒక దారానికి ఇనుప నట్టు కట్టి, బల్లమీద ఊపి చూపించింది. ఆ అమ్మాయి పది పన్నెండుసార్లు చేసి చూసింది. వారం తిరిగేసరికి గొలుసు చప్పుడు తగ్గింది. ఆమెకు సంతోషమూ వేసింది, లోపలెక్కడో కలుక్కుమంది కూడా. ఇక పైన తన అవసరం లేదు.

తొమ్మిది నెలలు నిండిన ఆదివారం, కొండ బస్సు వచ్చింది కానీ అతను దిగలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. తర్వాతి బస్సు కోసం చూసింది. అందులోనూ లేడు. ఊడ్చే ఆవిడ దగ్గరికొచ్చి, "ఇవాళ ఆయన రాలేదేంటమ్మా" అని అడిగేసరికి ఆమె లేచి, కిందికి వెళ్ళే బస్సు వదిలేసి పైకి వెళ్ళే బస్సెక్కింది.

ఇంట్లో పొరుగింటాయన కూర్చుని ఉన్నాడు. భర్త దిండ్లకు ఆనుకుని, నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. తెల్లవారుజామున చలిలో బస్సుకు బయల్దేరి గుమ్మంలోనే కూలబడ్డాడట. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు, ఊపిరితిత్తుల సత్తువ బాగా తగ్గిపోయిందనీ, ఇకమీదట చలిలో తిరగకూడదనీ చెప్పాడు. ఆమె మూడు రోజులు ఉండిపోయింది. మూడో రోజు, చాలు, మూడు నెలలు పోగొట్టుకుంటే పోయింది, నేను వెళ్ళను, అని చెప్పేసింది.

అతను ఒప్పుకోలేదు. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పాడు. "ఇరవై రెండు నెలలు ఆ గోడమీద గీత కోసం ఏడ్చావు. వానలో కూర్చున్నావు. నా కోసం అదంతా తీసి పారేస్తానంటే, రేపు నిన్ను చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. వెళ్ళు."

ఆమె వెళ్ళింది. అయితే పనిముట్ల గదికి కాదు, జీతాల గుమస్తా దగ్గరికి. మూడు నెలలు ముందే ఆపేస్తే ఏమవుతుందో చెప్పమంది. ఏమవుతుందో ఆయన చెప్పాడు, అది బాగాలేదు. ఆమె కదలకుండా కూర్చుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, ఎందుకో పట్టీ వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. ఏడాదివి, ఐదేళ్ళవి, పదేళ్ళవి.

"మీరు సెలవులు వాడుకోలేదేంటమ్మా?" అన్నాడు.

వాడుకోవడం ఎలా కుదురుతుందంది ఆమె. క్రేనెక్కడానికి ఇంకో మనిషి లేక, ఎప్పుడడిగినా వచ్చే నెల అనేవారు. ఆ వచ్చే నెల ఎప్పుడూ రాలేదు.

"తొంభై నాలుగు రోజులున్నాయి. చివర్లో అందరూ డబ్బు తీసుకుంటారు. మీరు డబ్బు వద్దనుకుంటే, రోజులుగానే తీసుకోవచ్చు." ఆయన కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. "సెలవులో ఉన్నా జీతం జీతమే. జీతముంటే మీ వాటా పడుతుంది, మీ వాటా పడితే మిల్లు వాటా పడుతుంది. రేపటి నుంచి రాయమంటారా?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, దెబ్బ తగిలి పడుకున్న నెల నెల కాదు, విశ్రాంతిగా పడుకున్న నెల మాత్రం నెలేనా అని అడగబోయి ఊరుకుంది. గుమస్తాకు కూడా అదే తోచినట్టుంది. తలెత్తకుండా, "నేను రాసిన నియమాలు కావమ్మా" అన్నాడు.

రాయమంది.

షెడ్డులోకి వెళ్ళి చెబుదామంటే పెద్ద ఖలాసీ లోడు కింద ఉన్నాడు. గొలుసు వదిలి రాకూడదు. ఆమె పసుపు గీత అవతల నిలబడి, ఎడమచేత్తో వెళ్తున్నానని సైగ చేసింది. అతను చూశాడు. లోడు నేలకు ఆనేదాకా ఆగి, చెయ్యి ఛాతీకి ఆనించుకుని దించాడు. అది క్రేను సైగల్లో లేదు. పైన గాజుగదిలో అమ్మాయి కూడా చెయ్యూపింది. అద్దంలోంచి ఆ పిల్ల మొహం సరిగా కనపడలేదు.

ఒక పెట్టె, రెండు సంచులు. కొండ ఊరు చేరేసరికి సాయంత్రమైంది. భర్త మంచంమీద లేచి కూర్చుని ఉన్నాడు. ఎన్ని రోజులని అడిగాడు. రోజులు కాదంది ఆమె. అతను కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె పెట్టె విప్పి, తన బట్టలు అతని బట్టల పక్కన సర్దింది.

పొద్దున ఆమెకు మెలకువ వచ్చేసరికి మంచంమీద అతను లేడు. వంటగదిలో చప్పుడవుతోంది. నీళ్ళు కాచడం తన పనని ఇరవయ్యేళ్ళుగా అలవాటైన మనిషి తను. అతనూ అంతే. ఆమె గబగబా వెళ్ళేసరికి, పొయ్యిమీద ఒకరికి సరిపడా టీ మరుగుతోంది. అతను గిన్నెలోకి అయోమయంగా చూస్తున్నాడు.

"ఒక్క గ్లాసుకే పోశాను. చెయ్యి అలా పోసేసింది" అన్నాడు.

ఆమె గిన్నె దించి, ఇంకో గ్లాసు నీళ్ళు పోసి, మళ్ళీ పొయ్యిమీద పెట్టింది. అది పలచగా తయారైంది. గుమ్మంలో కూర్చుని తాగుతుంటే, రేపు ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. అతను తననే పెట్టనివ్వమన్నాడు. మీకు ఆయాసమంది ఆమె. నీకు చెయ్యి అన్నాడు అతను. తేలలేదు. పొరుగింటి కుక్క వచ్చి ఇద్దరి మధ్య పడుకుంది. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే, మాట పూర్తయ్యేదాకా ఆమె కాచుకుని కూర్చుంది. తొందరేం లేదు. గ్లాసు చల్లారిపోయింది కూడా.